రంగు వేసిన గోడ వెనక: ఇల్లు కొనేవారి, అమ్మేవారి అపోహలు

కొనబోయే ఇంటిని పరీక్షించి ఉన్నది ఉన్నట్టు చెప్పడం నా వృత్తి. కొనేవారు పిలిచినా వెళ్తాను, అమ్మేవారు పిలిచినా వెళ్తాను. నా సంచిలో పెద్ద యంత్రాలేమీ ఉండవు. టార్చిలైటు, టేపు, రసమట్టం, చెమ్మను కొలిచే చిన్న మీటరు, ఒక నాణెం, అంతే. చాలామంది ఇల్లు చూడటానికి వెళ్లి సామాను చూస్తారు, తెరలు చూస్తారు, బాల్కనీలోంచి బయటికి చూస్తారు. ఇంటిని మాత్రం చూడరు. కింద రాసిన అపోహల్లో సగం అలా పుట్టినవే.

అపోహ: గోడకు బీట వారిందంటే ఆ ఇల్లు కొనకూడదు.

వాస్తవం: బీటలు లేని ఇల్లు నేనింతవరకూ చూడలేదు. ప్లాస్టరింగు ఆరేటప్పుడు కుంచించుకుపోయి, వెంట్రుకంత సన్నని గీతలు సాలెగూడులా పాకుతాయి. కాంక్రీటు దూలమూ ఇటుక గోడా కలిసే చోట తిన్నని గీత ఒకటి పడుతుంది, ఎండకు రెండూ ఒకే తీరున వ్యాకోచించవు కాబట్టి. ఇవి ముఖం మీది ముడతల్లాంటివి.

కిటికీ మూల దగ్గర మొదలై, ఇటుకల మధ్య అతుకుల వెంట మెట్లు మెట్లుగా ఏటవాలుగా దిగే బీట వేరు. అది ఒక చివర వెడల్పుగా, మరో చివర సన్నగా ఉంటే పునాది ఒక పక్క కుంగుతోందేమోనని అనుమానించాలి. స్లాబు అడుగున కడ్డీ వెంబడి సాగి, తుప్పు మరక కారుతున్న బీట అంతకంటే చెడ్డది. ఇనుము తుప్పుగా మారితే మునుపటి కంటే రెండు నుంచి ఆరు రెట్ల చోటు కావాలి. ఆ చోటు కోసం లోపలి నుంచే కాంక్రీటును చీల్చుకుంటూ వస్తుంది.

వెడల్పు విషయంలో బ్రిటన్‌లోని బిల్డింగ్ రీసెర్చ్ ఎస్టాబ్లిష్‌మెంట్ వాడుకలోకి తెచ్చిన వర్గీకరణ నాకు బాగా పనికొస్తుంది. దాని ప్రకారం 5 మిల్లీమీటర్ల వరకు ఉన్నవి ఎక్కువగా అందానికి సంబంధించినవి. 5 నుంచి 15 దాకా అయితే తలుపులు, కిటికీలు బిగుసుకోవడం మొదలవుతుంది. 15 దాటితే గోడలో కొంత భాగాన్ని విప్పి కట్టాల్సి రావచ్చు. అయితే వెడల్పొక్కటే చూసి తీర్పు చెప్పకూడదని అదే సంస్థ హెచ్చరించింది. బీట ఇంకా కదులుతోందా అన్నది అసలు ప్రశ్న. పెన్సిలుతో గుర్తు పెట్టి నెలల తరబడి కొలవడం సరైన పద్ధతే కానీ, కొనేవారికి అంత వ్యవధి ఎక్కడిది? అందుకే టార్చి వేసి బీట లోపలికి చూస్తాను. లోపల దుమ్ము, పాత రంగు పేరుకుని ఉంటే అది ఏనాటిదో. అంచులు పదునుగా, శుభ్రంగా ఉంటే ఈ మధ్యదే. ఇంకో చిన్న గుర్తు ఉంది. తలుపు పై అంచును ఒక పక్కకు ఏటవాలుగా చిత్రిక పట్టి ఉంటే, ఆ ద్వారబంధం ఎప్పుడో ఒరిగిందనీ, ఇంటివారు గోడను వదిలేసి తలుపును సరిచేసుకున్నారనీ అర్థం.

అపోహ: అమ్మే ముందు రంగులు వేయిస్తే చెమ్మ సంగతి ఎవరికీ తెలియదు.

వాస్తవం: ఇల్లంతా పాత రంగులో ఉండి ఒక్క గోడ మాత్రం కొత్తగా మెరుస్తుంటే నేను ముందు ఆ గోడ దగ్గరికే వెళ్తాను. ఒకసారి ఒక పడకగదిలో అలాంటి గోడే కనిపించింది. రంగు వాసన ఇంకా పోలేదు. "పిల్లల గది కదండీ, రంగు మార్చాం" అన్నారు ఇంటాయన. గోడకు ఆనించి బట్టల బీరువా ఉంది. అనుమతి అడిగి, ఇద్దరం కలిసి దాన్ని జానెడు ముందుకు జరిపాం. వెనక కొత్త రంగు లేదు. నేల నుంచి మోకాలి ఎత్తు దాకా గోధుమరంగు మరక, దాని అంచున తెల్లటి ఉప్పు పూత. గోడకు అవతల స్నానాల గది. ఇంట్లోని కొళాయిలన్నీ కట్టించి నీటి మీటరు దగ్గరికి తీసుకెళ్లాను. ఎవరూ నీళ్లు వాడటం లేదు, అయినా మీటరులోని చిన్న చక్రం మెల్లగా తిరుగుతూనే ఉంది. గోడలోని గొట్టం కారుతోంది.

కొనడానికి వచ్చినాయన గొట్టం గురించి పెద్దగా పట్టించుకోలేదు. "ఇంకేం దాచారో" అన్నాడు. బేరం అక్కడే ఆగిపోయింది.

చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో దాని ఆకారమే చెబుతుంది. నేల నుంచి పైకి పాకేది సాధారణంగా మీటరు ఎత్తుకు మించదు, పైన అడ్డంగా ఒక గీతలా ఆగుతుంది. పైకప్పు నుంచి దిగేది మధ్యలో లేతగా, అంచున ముదురుగా వలయాలు కడుతుంది. గదుల మూలల్లో, బీరువాల వెనక నల్లటి చుక్కలుగా పట్టే బూజు చాలాసార్లు కారుడు వల్ల రాదు. గాలి ఆడక లోపలి ఆవిరి చల్లని గోడ మీద నీరై పట్టడం వల్ల వస్తుంది. మూడింటికీ మందు వేర్వేరు. మూడింటికీ ఒకటే రంగు పూసేవారిని మాత్రం రోజూ చూస్తున్నాను.

అపోహ: కొత్త ఇల్లే కదా, పరీక్ష ఎందుకు?

వాస్తవం: పాత ఇల్లు కనీసం కొన్ని వర్షాకాలాలు చూసింది. కొత్త ఇంటికి ఆ పరీక్ష ఇంకా జరగలేదు. స్నానాల గదిలో బకెట్టు నీళ్లు పోసి, అవి కన్నం వైపు వెళ్తున్నాయో గుమ్మం వైపు వెళ్తున్నాయో చూడండి. నాణెంతో నేల పలకల మీద కొట్టుకుంటూ వెళ్లండి. గుల్ల శబ్దం వస్తే కింద సిమెంటు సరిగా పరవలేదన్నమాట. విద్యుత్ లీకేజీని పసిగట్టి సరఫరా ఆపేసే స్విచ్‌కు పరీక్ష మీట ఒకటి ఉంటుంది, దాన్ని నొక్కండి. సరఫరా ఆగకపోతే ఆ స్విచ్ ఉన్నా లేనట్టే.

అపోహ: చదరపు అడుగులు అంటే చదరపు అడుగులే.

వాస్తవం: ఎక్కడి నుంచి ఎక్కడికి కొలిచారన్నది అడగాలి. లోపల 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు ఉన్న గది 120 చదరపు అడుగులు. చుట్టూ 9 అంగుళాల గోడలను కలుపుకుని బయటి అంచు నుంచి కొలిస్తే అదే గది 155 దాటుతుంది. మెట్లు, నడవాల వంటి ఉమ్మడి చోటు కూడా అందులో కలిపితే చెప్పనక్కర్లేదు. రెండు ఇళ్ల ధరలు పోల్చేటప్పుడు టేపు మీరే పట్టుకోండి.

అపోహ: ధర ఎక్కువ చెప్పి పెడితే తర్వాత తగ్గించుకోవచ్చు.

వాస్తవం: ఇల్లు అమ్మకానికి పెట్టిన మొదటి వారాల్లో వచ్చేవారు అప్పటికే వెతుకుతున్నవారు, చేతిలో డబ్బు సిద్ధం చేసుకున్నవారు. చుట్టుపక్కల ధరలు వారికి మీకంటే బాగా తెలుసు. వారు పెదవి విరిచి వెళ్లాక మిగిలేది కొత్తగా వెతకడం మొదలుపెట్టేవారే, వారు ఒక్కొక్కరుగానే వస్తారు. నెలలు గడిచి ధర తగ్గించేసరికి "ఇన్నాళ్లు ఎందుకు అమ్ముడుపోలేదు?" అన్న అనుమానం కూడా తోడవుతుంది. పక్కింటివారు ఎంత అడుగుతున్నారన్నదాన్ని బట్టి ధర కట్టకండి, పక్క ఇల్లు నిజంగా ఎంతకు అమ్ముడైందో కనుక్కోండి.

ఈ సందర్భంలోనే ఇంకోటి. అమ్మే ముందు వంటగది మొత్తం కొత్తగా కట్టిస్తే పెట్టిందంతా తిరిగి వస్తుందనుకోవడం పొరపాటు. మీ అభిరుచికి డబ్బిచ్చేవారు అరుదు. కారే కొళాయి, ఒరుసుకునే తలుపు, వెలగని బల్బు బాగుచేయిస్తే చాలావరకు సరిపోతుంది.

అపోహ: నెలవాయిదా తక్కువైతే అప్పు చౌకైనట్టే.

వాస్తవం: నేను బ్యాంకు మనిషిని కాను, కానీ గుణకారం వచ్చు. 100 వంతుల అప్పును ఏటా 9 శాతం వడ్డీ మీద 20 ఏళ్లలో తీరిస్తే మొత్తం కట్టేది దాదాపు 216. అదే 30 ఏళ్లకు సాగదీస్తే 290 వంతులకు చేరుతుంది. దీని వల్ల నెలవాయిదాలో తగ్గేది పదో వంతుకు కాస్త ఎక్కువ మాత్రమే. 20 ఏళ్ల అప్పులో కూడా మొదటి నెల వాయిదాలో ఆరింట ఐదు వంతులు వడ్డీకే పోతాయి.

అపోహ: లోపం ఉందని మనమే చెబితే ధర పడిపోతుంది.

వాస్తవం: లోపం తెలిస్తే ధర కొంత తగ్గవచ్చు. దాచిన లోపం చివరి నిమిషంలో బయటపడితే బేరమే పోతుంది. చాలా చోట్ల చట్టం కూడా అమ్మిన తర్వాత వెంటపడుతుంది.

ఆ బీరువా ఇంటాయన రెండు నెలల తర్వాత మళ్లీ ఫోను చేశారు, ఈసారి తన తరఫున చూడమని. వెళ్లాను. గోడ తవ్వి గొట్టం మార్పించారు. గోడ మూయకముందే ఫోటోలు తీయించి, ప్లంబరు బిల్లుతో కలిపి ఫైలులో పెట్టారు. మీటరు చక్రం కదలడం లేదు. అంగుళం మందానికి సుమారు ఒక నెల ఆరనివ్వాలని మేం లెక్క వేస్తాం, ఆ గోడ ఇంకా ఆరలేదు. అందుకే రంగు వేయవద్దన్నాను. ఆయనకు అది నచ్చలేదు, అంత వికారంగా ఉంటే ఎవరు కొంటారన్నారు. అయినా మాట విన్నారు. తర్వాత ఇల్లు చూడటానికి వచ్చిన దంపతులకు ముందు ఆ గోడే చూపించి, ఫైలు చేతికిచ్చారట. ఆవిడ ఫోటోలు తిరగేసి, సిమెంటు గోడ మీద అరచేయి ఆనించి చూసి, వంటగది కిటికీ ఏ దిక్కున ఉందని అడిగిందట.