కెనడాలో ఫిజియోథెరపిస్టులపై నిఘా: మనవాళ్ళ అపోహలు – వాస్తవాలు

నేను కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో ఫిజియోథెరపిస్టుని. క్లినిక్‌కి వచ్చే తెలుగువాళ్ళ నోట తరచూ వినే మాటలివి.

అపోహ: 'కాలేజ్ ఆఫ్ ఫిజియోథెరపిస్ట్స్ ఆఫ్ ఒంటారియో' ఫిజియోల సంఘం.

వాస్తవం: మా బాగోగులు చూసే సంఘం వేరే ఉంది. ఈ కాలేజ్ చదువు చెప్పదు, మా తరఫున మాట్లాడదు. 1991 నాటి చట్టం ప్రకారం ప్రజలకు మా వల్ల హాని జరగకుండా చూడటమే దాని పని. ఖర్చంతా మా ఫీజులతోనే. మార్చిలో లైసెన్స్ రెన్యూవల్ వచ్చిందంటే మాలో సణగని వాళ్ళుండరు!

అపోహ: ఫిజియోల మీద ఫిజియోలే విచారణ చేస్తే దొంగ చేతికి తాళాలిచ్చినట్టే.

వాస్తవం: అనుమానం సబబే. అందుకే బోర్డులో, కమిటీల్లో ఫిజియోల పక్కనే ప్రభుత్వం నియమించిన బయటివాళ్ళు కూర్చుంటారు. మా పనిలో లోపం మావాళ్ళకే త్వరగా తెలుస్తుంది, నిజమే. కానీ బయటివాళ్ళు లేకపోతే సర్దుబాట్లు మొదలవుతాయి. పైగా మా వృత్తి మీద మేమే నిఘా పెట్టుకోవడం మాకు శాశ్వతంగా రాసిచ్చిన హక్కేమీ కాదు. బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో 2024 జూన్‌లో ఫిజియోల కాలేజ్‌ని మరికొన్ని వృత్తుల వాటితో కలిపేశారు.

అపోహ: ఇన్సూరెన్స్ కోసం మసాజ్‌కి ఫిజియో అని రసీదు ఇస్తే ఎవరికీ నష్టం లేదు.

వాస్తవం: డిసెంబర్ వస్తే ఈ గోల మరీ ఎక్కువ. "మసాజ్ కవరేజ్ అయిపోయింది, ఫిజియోది మిగిలింది. దాని కింద రాసేయండి, మనవాళ్ళమే కదా!" అంటారు. ఆ రసీదు మీద నా పేరు, నా రిజిస్ట్రేషన్ నంబరు ఉంటాయి. బిల్లు ఫ్రంట్ డెస్క్‌లో ఎవరు కొట్టినా కాలేజ్‌కి జవాబు చెప్పుకోవాల్సింది నేనే. తప్పుడు రసీదుకి నా లైసెన్స్ సస్పెండ్ కావచ్చు. మీ వైపు నుంచి అది ఇన్సూరెన్స్ మోసం. ఆఫీసు ప్లాన్ అయితే ఉద్యోగానికే ఎసరు.

రసీదు చేతికి రాగానే తేదీ, చూసినవారి పేరు, చేసిన చికిత్స సరిపోయాయో లేదో చూసుకోండి. వ్యాయామాలు అసిస్టెంట్ చేయించడం మామూలే. ఇక్కడ అసిస్టెంట్లకు రిజిస్ట్రేషన్ ఉండదు, వాళ్ళ పనికి పూచీ ఫిజియోదే. కానీ వారాల తరబడి ఫిజియో మొహమే చూడకుండా ఆ పేరు మీదే రసీదులు వస్తుంటే మాత్రం గట్టిగా అడగండి.

అపోహ: కంప్లైంట్ పెడితే డబ్బు వెనక్కి వస్తుంది.

వాస్తవం: రాదు. నష్టపరిహారం కావాలంటే కోర్టుకు వెళ్ళాలి. కాలేజ్ మందలించవచ్చు, మళ్ళీ శిక్షణకు పంపవచ్చు, తీవ్రమైనదైతే క్రమశిక్షణ విచారణకు పంపుతుంది. మీ ఫిర్యాదు సంగతి ఆ ఫిజియోకి తెలియజేస్తారు. చివరకు ఏ చర్యా తీసుకోకుండా వదిలేస్తే, 30 రోజుల్లోగా వేరే బోర్డును సమీక్ష కోరవచ్చు. లైంగిక వేధింపుల విషయంలో చట్టం చాలా కఠినం. పేషెంట్ ఒప్పుకున్నా ఫిజియో తప్పు తప్పే.

అపోహ: ఇండియాలో బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చేసి, ఏళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు ఇంట్లో ట్రీట్‌మెంట్ చేస్తే ఫర్వాలేదు.

వాస్తవం: ఒంటారియోలో రిజిస్ట్రేషన్ లేకుండా ఫిజియోథెరపిస్ట్ అని చెప్పుకోవడమే నేరం. ఎంత నేర్పున్నా సరే, అక్కడ ఏదైనా పొరపాటు జరిగితే కాలేజ్‌కి ఆ మనిషి లైసెన్స్ పట్టుకుని నిలదీసే వీలుండదు. కాలేజ్ వెబ్‌సైట్‌లో పబ్లిక్ రిజిస్టర్ ఉంది, ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. లైసెన్స్ మీద షరతులున్నా, క్రమశిక్షణ తీర్పులున్నా అందులో కనిపిస్తాయి. పేరు దొరకలేదని వెంటనే కంగారుపడకండి. మన ఇంటిపేర్లు ఇక్కడి కాగితాల్లో ముందువి వెనక్కీ వెనకవి ముందుకీ మారిపోతుంటాయి, అటూ ఇటూ మార్చి ఇంకోసారి వెతకండి.