పిల్లికి షుగరా? ముందు సిరంజి మూత రంగు చూడండి సామీ

"పిల్లులకి కూడా షుగర్ వస్తాదా సార్?" కడపలో ప్రాక్టీస్ పెట్టినప్పటి నుంచి ఈ మాట వింటానే ఉన్నా. వస్తాది. ఎనిమిది తొమ్మిదేళ్లు దాటి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయ్యి, ఇంట్లోనే తిని పడుకుని బరువెక్కిన మగ పిల్లులకి ఇంకా ఎక్కువ. నీళ్లు తెగ తాగుతుంది, ఉచ్చ ఎక్కువ పోస్తుంది, బాగా తింటానే చిక్కిపోతుంది. కొన్ని వెనక కాళ్ల మడమలు నేలకి ఆనించి నడుస్తాయి, అది పక్షవాతం కాదు, షుగర్ నరాల మీద పడింది అంతే, కంట్రోల్‌కి వస్తే చాలా పిల్లుల్లో మెల్లగా సర్దుకుంటుంది.

అపోహలు బోలెడు. కానీ ప్రాణం మీదికి తెచ్చేది ఒకటుంది: "ఇన్సులిన్ సూది ఏదైనా ఒకటే, ఇంట్లో జేజికి వాడేవి ఉండాయి కదా."

ఒకటి కాదు. మన షాపుల్లో దొరికే సీసాల్లో ఎంఎల్‌కి 40 యూనిట్లు ఉండేవి ఉన్నాయి, 100 యూనిట్లు ఉండేవి ఉన్నాయి. 40 దానికి ఎర్ర మూత సిరంజి, 100 దానికి నారింజ మూత సిరంజి. పిల్లులకి నేను ఎక్కువగా రాసేది గ్లార్జిన్ అనే ఇన్సులిన్, అది 100ది. దాన్ని జేజి ఎర్ర మూత సిరంజిలో 2 గీత దాకా లాగారనుకోండి, ఒంట్లోకి పోయేది 2 పాయింట్లు (యూనిట్లు) కాదు, 5 పాయింట్లు. డెబ్బై కిలోల మనిషి తట్టుకుంటాడేమో గానీ నాలుగు కిలోల పిల్లికి ఫిట్సే. ఉల్టా చేసినా తిప్పలే, 40 దాన్ని నారింజ సిరంజిలో 2 దాకా లాగితే పోయేది 0.8, షుగర్ దిగదు, మందు పనిచేయలేదని పాయింట్లు పెంచుకుంటూ పోతారు, ఒకరోజు సరైన సిరంజి చేతికొస్తుంది, అదే పెంచిన డోసు వేస్తారు, పిల్లి పడిపోతుంది.

పోయిన ఎండాకాలం ఒకమ్మ రాత్రిపూట ఫోన్ చేసింది, "సార్, మా పిల్లి తాగినోని మాదిరి తూలుతాంది, పిలిస్తే చూడ్డంలేదు" అని. మూత ఏం రంగు అని అడిగితే ఎర్రదంట. షాపులో నారింజది లేదు, ఇదీ ఇన్సులిన్‌దే తీసుకోమ్మా అని ఇచ్చినారంట. చిగుళ్లకి తేనె రాసి వెంటనే తీసుకురమ్మన్నా. బతికింది. "నా చేతులారా చంపుకునేదాన్ని సార్" అని ఆమె ఒకటే ఏడుపు. ఆమె తప్పేముంది చెప్పండి, అడిగి కొన్నది, వాళ్లు ఇచ్చిందే వాడింది.

కాబట్టి సీసా మీద అంకె, సిరంజి మీద అంకె, రెండూ ఒకటే ఉండాలి. లేకపోతే ఆ పూట సూది మానండి, తప్పిన డోసు తర్వాత కలిపి వేయొద్దు. తూలినా, వణికినా, మగతగా పడున్నా తినగలిగితే తిండి పెట్టండి, లేకుంటే తేనెగానీ గ్లూకోజ్ నీళ్లుగానీ చిగుళ్లకి రాయండి, ఫిట్స్‌లో ఉంటే నోట్లో ఏమీ పోయొద్దు, వేలు కూడా పెట్టొద్దు. లేచి తిరుగుతాంది కదా అని ఇంట్లో ఉండిపోవద్దు, లోపల ఇన్సులిన్ ఇంకా పనిచేస్తానే ఉంటుంది. పిల్లి తిండి ముట్టకపోతే మామూలు డోసు వేసేయకుండా ఫోన్ చేయండి. తినక వాంతులు కూడా అవుతుంటే తెల్లారేదాకా ఆగొద్దు.

ఒక్క రీడింగ్ చూసి మీరే పాయింటు పెంచడం కూడా ఇట్లాంటిదే. బుట్టలో పెట్టి ఆటోలో తెస్తే భయానికే పిల్లికి షుగర్ 300 దాటొచ్చు, అందుకే కొన్ని వారాల సగటు షుగర్ చెప్పే ఫ్రక్టోజమైన్ టెస్ట్ రాస్తాం, దుడ్లకి కాదు. ఇంట్లో చెవి అంచున చిన్నగా గుచ్చి చూడొచ్చు, రెండు రోజుల్లో పిల్లీ అలవాటు పడుతుంది మీరూ పడతారు. మనుషుల గ్లూకోమీటర్ పిల్లి రక్తంలో మామూలుగా కొంచెం తక్కువ చూపిస్తుంది, ఆ అంకెలు రాసి పెట్టుకుని నాకు చూపించండి చాలు.

ఇంక మిగతావి. ఇన్సులిన్ లాస్ట్ స్టేజ్ కాదు, తొందరగా మొదలుపెట్టి తిండి మారిస్తే కొన్ని పిల్లులకి అసలు సూది అవసరమే లేకుండా పోతుంది. మీరు షుగర్‌కి వేసుకునే మెట్‌ఫార్మిన్ మాత్ర దానికి వద్దు. షుగర్‌కి మంచిదని రాగి సంగటి, కొర్రన్నం పెడతాన్నారు, అది మాంసం తినే జంతువు సామీ, పెరుగన్నం కూడా తగ్గించాల్సిందే. అట్లని ఉన్నట్టుండి తిండి మొత్తం మార్చొద్దు, పిండిపదార్థం తగ్గితే ఇన్సులిన్ డోసు కూడా తగ్గించాల్సి రావచ్చు, చెప్పి మార్చండి. లావుందని పస్తు పెడితే లివర్ పోతుంది. ఒకాయన కాకరకాయ రసం తాగించబోయినాడు, పిల్లికంటే ముందు ఆయన చేతికి కట్టు కట్టాల్సొచ్చింది.

మన మే నెల ఎండలకి సీసా ఫ్రిజ్‌లోనే ఉండాలి, ఫ్రీజర్‌లో కాదు. గడ్డకట్టిందంటే కరిగించి వాడకుండా పారేయండి. కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు ఊరూరికే తీయకండి, రెండు మూడు గంటలకి దానికేం కాదు.