సముద్రాన్ని ఎవరు తాగేశారు?

చిరంజీవులకు,

మీ ఉత్తరం అందింది. మూడు పేజీలు పరీక్షల గొడవ రాసి, ఆఖర్న ఇరికించి రాసిన ప్రశ్నే నాకు నచ్చింది. "తాతయ్యా, మా పాత అట్లాసులో ఆరల్ సముద్రం పెద్దగా ఉంది. ఉపగ్రహం తీసిన ఫోటోలో దాదాపు లేనే లేదు. దాన్ని ఎవరు తాగేశారు?" అని అడిగారు. "ఎందుకు ఎండిపోయింది" అని అడిగి ఉంటే, ఎండలు ముదిరాయని ఒక్క ముక్కలో తేల్చేసేవాణ్ణేమో. తాగేశారన్నారు కాబట్టి తాగినవాణ్ణి పట్టుకోవాల్సిందే.

పేరుకు సముద్రం గానీ అది సరస్సే. కజకిస్థాన్‌కూ ఉజ్బెకిస్థాన్‌కూ మధ్య ఉంది. 1960 నాటికి దాని విస్తీర్ణం సుమారు 68,000 చదరపు కిలోమీటర్లు. ప్రపంచంలో నాలుగో పెద్ద సరస్సుగా చెప్పుకునేవారు. అము దర్యా, సిర్ దర్యా అనే రెండు నదులు వచ్చి అందులో కలిసేవి. బయటికి పోయే నది ఒక్కటీ లేదు. నదులు పోసినంత పోసేవి, ఎండ పీల్చినంత పీల్చేది, ఆ రెండూ ఇంచుమించు సరిపోయేవి. అప్పుడు సోవియట్ ప్రభుత్వం ఎడారిలో పత్తి పండించాలనుకుంది. ఆ రెండు నదుల నుంచీ కాలువలు తవ్వింది. పత్తి బాగానే పండింది. కాలువల్లో చాలావాటికి అడుగున గట్టి పూత లేదు, అందుకని పొలం చేరేలోపే బోలెడు నీరు ఇసుకలో ఇంకిపోయేది. సరస్సుకు వచ్చే నీరు ఏటేటా తగ్గింది. ఎండ మాత్రం తన వాటా తగ్గించుకోలేదు.

కాబట్టి తాగింది చొక్కాలు, దుప్పట్లు, పరుపులు. వాటి కోసం పండించిన పత్తి.

మొయ్‌నాక్ అని ఒక రేవు పట్టణం ఉంది. ఒకప్పుడు అక్కడ చేపల పడవలు బారులు తీరి ఉండేవి. ఇప్పుడు నీరు అక్కడికి వంద కిలోమీటర్లకు పైనే దూరం జరిగింది. తుప్పు పట్టిన పడవలు ఇసుకలోనే ఉన్నాయి, వాటి నీడన పశువులు పడుకుంటాయి. నీరు పోయిన నేల మీద ఉప్పు మిగిలింది. గాలి వీస్తే ఆ ఉప్పు, పొలాల నుంచి కొట్టుకొచ్చిన మందులు కలిసి దుమ్ముగా లేచి ఊళ్ల మీద పడతాయి. ఆ నేలకు ఇప్పుడు ఆరల్‌కుమ్ ఎడారి అని కొత్త పేరు. ఒక మనిషి జీవితకాలంలో పటం మీద నీలిరంగు చెరిపేసి పసుపు పూయాల్సి వచ్చింది. అలాగని ఆ కాలువలు తవ్వినవాళ్లందరినీ దుర్మార్గులని అనకండి. ఎండిన నేలకు నీరు పెట్టడం మంచి పనేనని వాళ్లు నమ్మారు. నీరు ఎక్కడికి పోతోందో అడిగారు గానీ, ఎక్కడికి రావడం మానేస్తుందో అడగలేదు. నాకు కోపం వచ్చేది అక్కడే.

సరే, మీ ప్రశ్న కింద ఇంకో వాక్యం రాశారు. "మనుషులు లేకపోతే భూమి ఎప్పటికీ ఒకేలా ఉండేది కదా?" అని. ఉండేది కాదు. పరుపుల మాట ఎలాగూ వచ్చింది కాబట్టి, చిన్నప్పుడు మేం పడుకున్న పరుపు సంగతి చెబుతాను.

అన్నదమ్ములందరికీ కలిపి ఒకే పాత దూది పరుపు. మా పెద్దన్నయ్య భారీ మనిషి, పైగా నడుమ పడుకునేవాడు. రాత్రంతా మేం అటూ ఇటూ నుంచి దొర్లి దొర్లి ఆయన మీదికే చేరేవాళ్లం, ఆయన మోచేతితో పొడిచి వెనక్కి పంపేవాడు. పొద్దున ఆయన లేచి వెళ్లాక కూడా పరుపు మీద పెద్ద గుంట ఉండేది. నేను దాని పక్కన కూర్చుని చూసేవాణ్ణి. అది వెంటనే పైకి రాదు. తిని వచ్చి చూస్తే కాస్త లేచి ఉంటుంది, మధ్యాహ్నానికి ఇంకాస్త. బద్ధకంగా, ఎవరికీ కనపడకుండా లేచేది. ఎప్పుడు చూసినా కదలనట్టే ఉండేది. నాకు అదో పిచ్చి వినోదం.

భూమి కూడా పరుపే. నవ్వకండి. స్వీడన్, ఫిన్లాండ్ దేశాల మీద ఒకప్పుడు సుమారు మూడు కిలోమీటర్ల మందాన మంచు పడుకుని ఉండేది. ఆ బరువుకు నేల కిందికి కుంగింది. మంచు కరిగిపోయి దాదాపు పదివేల ఏళ్లయింది. పరుపు ఇంకా లేస్తూనే ఉంది! ఆ రెండు దేశాల మధ్య ఉన్న బోత్నియా సింధుశాఖ ఉత్తర తీరంలో నేల ఏటా దాదాపు 9 మిల్లీమీటర్లు పైకి వస్తోంది. పడవలు ఆగిన రేవుల్లో నీటి లోతు తగ్గిపోయింది. లూలియో అనే పట్టణానికి రేవు పనికిరాకుండా పోతే 1649లో ఊరినే సముద్రం దగ్గరికి మార్చుకున్నారు. సముద్రంలోంచి కొత్త నేల బయటపడుతూ ఫిన్లాండ్ దేశం ఏటా ఏడు చదరపు కిలోమీటర్ల మేర పెరుగుతోంది. యుద్ధం లేదు, కొనుగోలు లేదు.

జ్వరం చూసే థర్మామీటర్ మీద సెల్సియస్ అని ఉంటుంది కదా, ఆ పేరున్న స్వీడన్ శాస్త్రవేత్త ఆండర్స్ సెల్సియస్ 1731లో తన దేశంలోనే లవ్‌గ్రుండ్ అనే దీవి దగ్గర ఒక బండ మీద, నీరు తాకే చోట గీత చెక్కించాడు. తరవాత వచ్చేవాళ్లు నీరు ఎంత దిగిందో కొలుచుకోవాలని. నీరే తగ్గుతోందని ఆయన అనుకున్నాడు, నిజానికి లేస్తున్నది బండ. అయినా గీత గీతే కదా. ఇప్పుడది నీటికి సుమారు రెండు మీటర్ల పైన ఉంది. తాను చూడలేని మార్పు కోసం గుర్తు పెట్టి వెళ్లినవాడంటే నాకు గౌరవం.

పరుపును ఇంకాసేపు వదలను. ఒక చివర నుంచి నెడితే పైన పరిచిన దుప్పటి ముడతలు పడుతుంది కదా, భారత భూఖండం ఆసియాను నెడితే పడ్డ ముడతలే హిమాలయాలు. ఆ నెట్టుడు ఇప్పటికీ ఆగలేదు, ఏడాదికి అయిదు సెంటీమీటర్ల లెక్క. ఎవరెస్టు కొన మీది రాయిలో సముద్ర జీవుల అవశేషాలున్నాయి, ఎందుకంటే ఆ రాయి సముద్రం అడుగున పేరుకున్నది. ఇక కింద ఎవరో దాక్కుని పిడికిలితో పొడిచినా పరుపు లేస్తుంది. మెక్సికోలో 1943 ఫిబ్రవరి 20న ఒక రైతు మొక్కజొన్న చేలో నేల పగిలి పొగ వచ్చింది. మరునాటికే అక్కడో దిబ్బ, ఏడాది తిరిగేసరికి 300 మీటర్లు దాటిన కొండ. పరికుటిన్ అగ్నిపర్వతం అదే. 1952లో చల్లబడింది. కరిగిన రాయి ప్రవహించి పక్క ఊరిని ముంచేసింది. ఇప్పుడు ఆ నల్లరాతి మధ్య చర్చి గోపురం ఒకటి నిలిచి ఉంటుంది. కొండకు పుట్టినరోజు తెలియడం ఎంత అపురూపం!

మనుషుల పని వేరు, ప్రకృతి పని వేరు అని రెండు పట్టికలు రాసుకుంటున్నారేమో, మీ పంతుళ్లకు అదంటే ఇష్టం. నాకు ఆ గీత ఎక్కడా దొరకలేదు. మేం బడికి పోయే దారిలో గడ్డి మైదానం ఒకటి ఉండేది. చుట్టూ తిరిగి వెళ్లమని పెద్దలు చెప్పేవారు, మేం అడ్డంగా పోయేవాళ్లం. కొన్నాళ్లకు గడ్డి చచ్చి సన్నటి కాలిబాట పడింది. మాకు మహా గర్వం, మేం వేసిన బాట అని. తరవాత వానలు పడ్డాయి. అదునుగా వాన నీరు కూడా మా బాటే పట్టింది. కాళ్లు తొక్కి తొక్కి గట్టిపడిన నేలలోకి నీరు ఇంకదు, జారుతుంది, జారుతూ మట్టిని వెంట తీసుకుపోతుంది. నేను పెద్ద తరగతులకు వచ్చేసరికి అది మోకాలి లోతు గండి. దాని పక్కన మళ్లీ కొత్త బాట వేశాం, బుద్ధి రాలేదు. ఆ గండిని తవ్వింది మేమా, వానా?

అమెరికా మైదానాల్లో ఇదే కథ పెద్ద ఎత్తున జరిగింది. గోధుమ కోసం గడ్డిని దున్నేశారు. మట్టిని పట్టి ఉంచిన వేళ్లు పోయాయి. 1930లలో కరవు వచ్చింది, గాలి లేచింది. 1934 మేలో ఆ దుమ్ము న్యూయార్క్ దాకా, ఇంకా అవతల సముద్రంలో పోతున్న ఓడల మీద దాకా వెళ్లి పడింది. నాగలి మనిషిది, గాలి మనిషిది కాదు.

మనం చేసింది కొన్నిసార్లు కాస్త సరిదిద్దుకోవచ్చు కూడా. ఆరల్ ఉత్తరపు ముక్కను కాపాడటానికి కజకిస్థాన్ వాళ్లు 2005లో కోక్-అరల్ అనే ఆనకట్ట కట్టారు. ఆ ముక్కలో నీరు పెరిగింది, ఉప్పదనం తగ్గింది, చేపలు తిరిగి వచ్చాయి. దక్షిణపు ముక్క మాత్రం చాలా భాగం పోయినట్టే. ఏది సరిదిద్దుకోగలం, ఏది పోతే పోయినట్టే, అనేది ముందుగా తెలుసుకునే విద్య మీ కాలానికైనా రావాలి.

ఇంతకన్నా లోతుగా నన్ను అడగకండి. భూమి లోపల రాయి ఎలా సాగుతుందో పుస్తకాల్లో ఉంది. నేను చెప్పేది ఒక్కటే, వెళ్లి చూడండి. అలాస్కాలో మ్యూర్ హిమానీనదాన్ని 1941లో ఒకరు ఫోటో తీశారు. 2004లో మరొకరు అక్కడే నిలబడి మళ్లీ తీశారు. మొదటి దానిలో మంచు, రెండోదానిలో నీళ్లు, ఒడ్డున పచ్చటి చెట్లు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరూ వివరించనక్కర్లేదు.

మీరూ ఒక చోటు ఎంచుకోండి. వాగు ఒడ్డు, బోడి గుట్ట, రోడ్డు పక్కన కోత పడుతున్న మట్టిగోడ, ఏదైనా సరే. వాన వెలిసిన మరునాడు వెళ్లండి. నీరు ఎక్కడ చీల్చిందో, తెచ్చిన ఇసుకను ఎక్కడ విసనకర్రలా పరిచిందో వేలితో చూపించుకోండి. ఒక ఫోటో తీయండి. వచ్చే వానాకాలం మళ్లీ అక్కడి నుంచే, అదే వైపు తిరిగి తీయండి. తేదీ మీ ఫోనే గుర్తుంచుకుంటుంది. నిలబడిన చోటు మాత్రం అది గుర్తుంచుకోదు, కాబట్టి కదలని బండ ఏదైనా చూసుకుని, దాని నుంచి ఎన్ని అడుగులో, ఏ దిక్కున నిలబడ్డారో ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. మొదటి ఫోటో తీశాక నాకూ ఒకటి పంపండి.

మీ తాతయ్య