బీపీ గోలీ మీద నింద, నొప్పుల గోలీ మీద నమ్మకం

పోయిన గురువారం పొద్దున షట్టర్ ఎత్తాను, ఇంకా అగరబత్తి కూడా వెలిగించలేదు. మాకు పాత గిరాకీ అయిన ఒక పెద్దాయన వచ్చి ఖాళీ షీటు ఒకటి కౌంటర్ మీద పెట్టాడు. డైక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిసిన నొప్పుల గోలీ.

"ఇవే రెండు షీట్లియ్యి సారూ. మోకాళ్లు లేవనిస్తలేవు."

"బీపీ గోలీలు తీస్కపోయి రెండు నెలలైంది గద పెద్దయ్యా?"

"బంద్ పెట్టిన. చూపిచ్చుకుంటే నార్మలే ఉన్నది. అవి ఊకె ఏసుకుంటే కిడ్నీలు కరాబైతయంట గద."

కాగజ్‌నగర్‌లో 19 ఏళ్లుగా మందుల షాపు నడుపుతున్నాను. ఈ మాట వినని వారం లేదు. కిడ్నీలను కాపాడే గోలీని కిడ్నీల భయంతోనే ఆపేస్తారు. కిడ్నీలను దెబ్బతీయగల గోలీని మాత్రం చాయ్‌పత్తి అడిగినట్టు అడుగుతారు. మందుల మీద అపోహలు రాయాలంటే పాతిక దొరుకుతాయి. ఇది ఒక్కటి పోతే చాలు, మిగతావి ఉన్నా ఊడినా నాకు పెద్ద బాధ లేదు. అందుకే దీని దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

అపోహ: బీపీ, షుగర్ గోలీలు ఏళ్లకేళ్లు వాడితే కిడ్నీలు పాడవుతాయి.

వాస్తవం: కిడ్నీలను పాడుచేసేది అదుపులో లేని బీపీ, అదుపులో లేని షుగర్. కిడ్నీ ఫెయిల్యూర్ కారణాల్లో ముందు వరసలో ఉన్నవి ఈ రెండే. టెల్మిసార్టన్, రామిప్రిల్ లాంటి బీపీ గోలీలనైతే మూత్రంలో ప్రొటీన్ పోతున్న షుగర్ పేషెంట్లకు కిడ్నీని కాపాడటానికని డాక్టర్లు ప్రత్యేకంగా రాస్తారు.

మరి ఈ పుకారు ఎక్కడిది? మీకు తెలిసిన ఒకాయన ఉంటాడు. పదిహేనేళ్లు షుగర్, బీపీ గోలీలు మింగాడు, చివరికి డయాలసిస్ మీదికి వచ్చాడు. చూసినవాళ్లకు గోలీలు కనిపించాయి. ఆ పదిహేనేళ్లలో ఎన్ని నెలలు ఆపేశాడో, పొద్దున షుగర్ 250 ఉన్నా ఎన్నిసార్లు పట్టించుకోలేదో కనిపించలేదు. దవాఖానలోనే ఎక్కువమంది చస్తున్నారు కాబట్టి దవాఖాన మూసేయాలి అన్నట్టుంది లెక్క.

మెట్‌ఫార్మిన్ విషయంలో ఇంకో తిరకాసు ఉంది. ఈ షుగర్ మందు మూత్రం ద్వారానే బయటికి పోవాలి. కిడ్నీ పనితనం బాగా తగ్గితే మందు ఒంట్లో పేరుకుపోతుంది కాబట్టి డాక్టర్ డోసు తగ్గిస్తారు, కిడ్నీ ఎంత వడపోస్తోందో చెప్పే లెక్క ఈజీఎఫ్‌ఆర్ 30 కంటే కిందికి పోతే ఆపేస్తారు. అంటే కిడ్నీ ముందే చెడింది, గోలీని తర్వాత ఆపారు. జనం దాన్ని తిరగేసి "మెట్‌ఫార్మిన్ వల్లే కిడ్నీ పోయిందట, అందుకే డాక్టర్ ఆపేసిండు" అని చెప్పుకుంటారు. మెట్‌ఫార్మిన్‌తో ఇబ్బందులు లేవని కాదు. మొదట్లో కడుపు ఉబ్బరం, విరేచనాలు ఉంటాయి, అన్నంతో పాటు వేసుకుంటే చాలామందికి సర్దుకుంటుంది. ఏళ్ల తరబడి వాడితే బీ12 తగ్గొచ్చు. అరికాళ్లు తిమ్మిరి పడుతుంటే ఆ పరీక్ష ఒకటి చేయించుకోండి.

ఇక "నార్మల్ వచ్చింది కాబట్టి ఆపేశా" అనే మాట. దిగుడులో బ్రేకు తొక్కి ఉంచితే బండి నిలబడింది. నిలబడింది కదా అని కాలు తీస్తామా? పైగా ఈ గోలీలు మనిషిని మోసం చేస్తాయి. ఆమ్లోడిపిన్ సగం బయటికి పోవడానికే 30 నుంచి 50 గంటలు పడుతుంది. ఆపిన రెండో రోజు చూపించుకుంటే బీపీ ఇంకా బాగానే ఉంటుంది. "చూడు, గోలీ లేకున్నా నార్మలే" అని సంబరం. తర్వాత మెల్లగా ఎక్కుతుంది. తలనొప్పి ఉండదు, కళ్లు తిరగవు, ఏమీ తెలియదు. తెలిసేది మూతి వంకర పోయిన రోజు. మెటోప్రొలాల్, క్లోనిడిన్ లాంటివి ఉన్నట్టుండి ఆపితే ఇంకా ప్రమాదం, బీపీ గానీ గుండె వేగం గానీ ఎగదన్నుతుంది. బరువు తగ్గి, ఉప్పు తగ్గించి, నిజంగానే డోసు తగ్గించగలిగిన వాళ్లూ ఉన్నారు. అది డాక్టర్ చూసి తగ్గించాలి, వాట్సాప్ చూసి కాదు.

భయపడేవాళ్లను మాత్రం నేను తప్పుపట్టను. ఆమ్లోడిపిన్ వాడితే కొందరికి చీలమండల దగ్గర వాపు వస్తుంది. కాళ్లు వాచాయంటే ఇంట్లో అందరూ కిడ్నీలే అనుకుంటారు, టెన్షన్ పడతారు, రాత్రంతా నిద్రపోరు. ఆ వాపు మందుదేనా కాదా తేల్చడానికి ఒక మూత్ర పరీక్ష, కిడ్నీ పనితనం చెప్పే క్రియాటినిన్ అనే రక్త పరీక్ష ఒకటి చాలు. మందుదే అయితే డోసు తగ్గిస్తారు, లేదా వేరేది రాస్తారు. అట్లాగే రామిప్రిల్, ఎనలాప్రిల్‌తో పొడిదగ్గు రావచ్చు. దగ్గుమందు సీసాలు తాగడం కాదు, రాసినాయనకు ఫోన్ చేసి చెప్పండి, మారుస్తారు.

ఇప్పుడు అసలు దొంగ దగ్గరికి వద్దాం. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పుల గోలీలు. కిడ్నీని చెరువు కింది పొలం అనుకోండి. నీళ్లు వచ్చే తూమును తెరిచి ఉంచే రసాయనాలు కొన్ని మన ఒంట్లో ఉంటాయి. నొప్పుల గోలీ వాటిని ఆపేస్తుంది, తూము సన్నబడుతుంది. టెల్మిసార్టన్ లాంటివి నీళ్లు బయటికి పోయే దారిని వదులు చేస్తాయి. మామూలుగా అది మంచిదే, లోపల ఒత్తిడి తగ్గుతుంది. మొదలుపెట్టిన కొత్తలో క్రియాటినిన్ కొంచెం పెరిగినా డాక్టర్లు కంగారు పడకపోవడానికి కారణం అదే. బీపీ గోలీలో నీరు తీసే మందు కూడా కలిసి ఉంటే చెరువులోనే నీళ్లు తగ్గుతాయి. ఈ మూడూ ఒకేసారి పడ్డాయా, ఎండాకాలమో విరేచనాలో తోడయ్యాయా, పొలం ఎండుతుంది. ఇంకోటి, నొప్పుల గోలీ బీపీని కూడా పెంచుతుంది. బీపీ గోలీ పని చేయట్లేదని ఏడ్చేవాళ్లలో ఎంతమంది రోజూ ఇది మింగుతుంటారో కౌంటర్ వెనక ఉన్నవాడికి తెలుసు.

మా వైపు బెజ్జూరు అడవుల్లో పాలరాపు గుట్ట మీద రాబందులు గూళ్లు పెట్టాయి. ఒకప్పుడు దేశమంతటా కనిపించిన ఈ పక్షులు దాదాపు తుడిచిపెట్టుకుపోవడానికి కారణం డైక్లోఫెనాకే. పశువులకు ఆ మందు ఇచ్చేవారు, ఆ పశువులు చచ్చాక కళేబరాలను తిన్న రాబందులు కిడ్నీలు ఫెయిలై చచ్చిపోయేవి. 2006లో పశువులకు వాడకుండా కేంద్రం నిషేధం పెట్టింది. రాబందు ఒళ్లు వేరు, మన ఒళ్లు వేరు, రెండు గోలీలకే మనకేమీ కాదు. కానీ ఈ మందుకు కిడ్నీతో ఏ పాటి పగో చెప్పడానికి నా దగ్గర ఇంతకంటే పెద్ద ఉదాహరణ లేదు.

ఉంది, మా ఇంట్లోదే. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంటుంది. ఒక మే నెలలో మా చెల్లెలి బిడ్డ పెళ్లి. అమ్మ మోకాళ్ల నొప్పులతో లేవలేకపోతోంది. పెళ్లి పనులు అయ్యేదాకా అని ఎసిక్లోఫెనాక్ నేనే పట్టుకెళ్లి ఇచ్చాను, పొద్దునొకటి, రాత్రొకటి, పది రోజులు. అప్పటికే ఆమె వేసుకునేది టెల్మిసార్టన్‌తో నీరు తీసే మందు కలిసిన గోలీ. బీఫార్మసీలో ఈ మూడింటి జోడు గురించి పరీక్ష రాసి పాసైనవాణ్ణి నేను. పెళ్లి భోజనం తిని విరేచనాలు పట్టుకున్నాయి, రెండో రోజుకు మూత్రం తగ్గింది. 0.9 ఉండే క్రియాటినిన్ 2.3 చూపించింది. అన్నీ ఆపి సెలైన్ ఎక్కిస్తే మూడు వారాలకు 1.1కి దిగింది. అదృష్టం. దవాఖానలో మంచం పక్కన కూచుని మా చిన్నమ్మ ఏమందో తెలుసా? "నేను ముందే చెప్పిన, బీపీ గోలీలు ఏసుకుంటే గిట్లనే అయితదని." ఎసిక్లోఫెనాక్ షీటు నా జేబులోనే ఉంది, నేను నోరెత్తలేదు.

మరి నొప్పికి ఏం వాడాలి? బీపీ, షుగర్, గుండె, కిడ్నీ సమస్యలు ఉన్నవాళ్లు ముందు పారాసిటమాల్, పూసుకునే జెల్‌తో ప్రయత్నించాలి. నొప్పుల గోలీ తప్పదంటే డాక్టర్ చెప్పిన రోజులే, అన్నం తిన్నాకే. వాంతులు, విరేచనాలు ఎక్కువైన రోజు మాత్రం వెంటనే డాక్టర్‌కు ఫోన్ చేసి "నా బీపీ, షుగర్ గోలీలు ఇవాళ వేసుకోవాలా?" అని అడగండి. కొన్నిటిని రెండు రోజులు ఆపమనొచ్చు. పేరు లేని పొట్లాల్లో వచ్చే "నొప్పుల పొడి" జోలికి అసలు పోవద్దు. దాంట్లో ఏముందో అమ్మేవాడు చెప్పడు, స్టెరాయిడ్ కలిపి ఉండొచ్చు. అన్నట్టు, షీటు మీద నిలువుగా ఎర్ర గీత ఉందంటే అది డాక్టర్ చీటీ మీద మాత్రమే అమ్మాల్సిన మందు. మేము చీటీ అడిగితే మొహం మాడ్చుకోకండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

థైరాయిడ్ గోలీ చాయ్‌తో వేసుకోవద్దు. పరగడుపున మంచినీళ్లతో వేసుకుని కనీసం అరగంట ఆగాలి. క్యాల్షియం, ఐరన్ గోలీలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. గోలీ మారలేదు, థైరాయిడ్ పరీక్షలో టీఎస్‌హెచ్ ఎందుకు పెరిగిందని అడిగేవాళ్లలో సగం మంది జవాబు ఈ రెండిట్లోనే దొరుకుతుంది.

గ్లిమెపిరైడ్ అనే షుగర్ గోలీ వేసుకున్నాక తినకపోతే షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, మాట తడబడటం. కార్తీక సోమవారమైనా, రోజా అయినా, ముందే డాక్టర్‌తో మాట్లాడి డోసు మార్చుకుని ఉండండి. షుగర్ పడితే వెంటనే చక్కెర తినిపించాలి, మనిషి తెలివిలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా దవాఖానకు తీసుకెళ్లాలి.

జలుబుకు అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ అడగొద్దు. మామూలు జలుబు వైరస్ వల్ల వస్తుంది, ఆ మందు దానికి పని చేయదు. దీని మీద వాదించే ఓపిక నాకు అయిపోయింది.

జలుబు గోలీల్లో చాలావాటిలో పారాసిటమాల్ ఉంటుంది. దాని మీద ఇంకో పారాసిటమాల్ 650 వేస్తే లెక్క డబుల్ అవుతుంది, భారం లివర్ మీద పడుతుంది.

స్టెంటు వేయించుకున్నవాళ్లు పన్ను పీకించుకోవాలని, రక్తం గడ్డకట్టకుండా వాడే క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ సొంతంగా ఆపొద్దు. గుండె డాక్టర్‌ను అడగాలి.

జనరిక్ మందు అంటే నకిలీ మందు కాదు. మందు అదే, కంపెనీ పేరు మీద పెట్టే ఖర్చు తక్కువ.

ఒకటి మాత్రం పరుగున చెప్పి వదలలేను. డిప్రెషన్‌కు ఇచ్చే ఎస్సిటలోప్రామ్ రాయించుకున్న ఒక అమ్మాయి, పెట్టెలోని కాగితం మొత్తం చదివి, కళ్లనిండా నీళ్లతో వచ్చింది. "అన్నా, ఇవి అలవాటైపోతయా? అత్తమ్మ పిచ్చిగోలీలంటుంది." కూర్చోబెట్టి చెప్పాను. ఇవి మత్తు గోలీలు కావమ్మా, మత్తుకు అలవాటు పడ్డట్టు వీటికి పడరు. గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, మొదటి వారం కడుపులో తిప్పొచ్చు. మనసు మరీ బరువైతే ఆ రోజే డాక్టర్‌కు చెప్పు. బాగైందని ఒక్కసారిగా మాత్రం ఆపొద్దు, మెల్లగా తగ్గిస్తారు. అలవాటు భయం నిజంగా ఉండేది ఆల్ప్రాజొలామ్ లాంటి నిద్రగోలీలతో. వాటి మీద సారా, బీరు లాంటివి తాగితే ఊపిరే మందగిస్తుంది.

ఇంతకీ ఆ పెద్దాయన. కూర్చోబెట్టి బీపీ చూశాను. 178/104. "నీ మిషిన్ కరాబున్నదేమో" అన్నాడు. ఐదు నిమిషాలాగి రెండో చెయ్యికి పెట్టాను. 174/102. నొప్పుల గోలీలు ఇవ్వలేదు. ఒక జెల్, పది పారాసిటమాల్ ఇచ్చి, ఆ పూటే డాక్టర్ దగ్గరికి పొమ్మన్నాను. నిన్న సాయంత్రం వాళ్ల కోడలు చీటీతో వచ్చి నెలకు సరిపడా బీపీ గోలీలు తీసుకుంది. నాకు సంతోషమేసింది.

"మల్ల నొప్పుల గోలీలు అడుగుతలేడా?" అన్నాను.

"మీరు ఇస్తలేరని పక్క షాపుల తెచ్చుకున్నడు. ఆ షీటు తీసి నేను బియ్యం డబ్బాల దాచిపెట్టిన."