సీటు బెల్టు చివర బురద గీత: మునిగిన బండ్లు మళ్లీ రోడ్డెక్కడం వెనుక కథ

మొన్న దసరా సెలవుల్లో మా పెద్దమ్మ కొడుకు మదనపల్లె నుంచి బెంగళూరు వచ్చాడు, సెకండ్ హ్యాండ్ కారు కోసం. పిల్లల్ని స్కూల్లో దింపడానికి, ఎప్పుడైనా తిరుపతి వెళ్లి రావడానికి ఒక బండి ఉంటే చాలని వాడి ఆశ. మారతహళ్లి దగ్గర ఒక యార్డులో నాలుగేళ్ల తెల్ల కారు నచ్చింది. పెయింట్ మెరుస్తోంది, ఏసీ చల్లగా వస్తోంది, ఆర్‌సీలో చూస్తే ఒక్కరే ఓనరు. నాకు తెలిసిన మెకానిక్‌ని వెంట తీసుకెళ్లాను. కర్నూలు వైపు మనిషి, చాలా ఏళ్లుగా ఇక్కడే షెడ్డు నడుపుతున్నాడు.

ఆయన ముందు బానెట్ ఎత్తలేదు. వెనక సీట్లో కూర్చుని బెల్టు పట్టుకుని చివరిదాకా లాగాడు. మామూలుగా ఎవరూ అంత దూరం లాగరు. లోపలి నుంచి వచ్చిన చివరి జానెడు ముక్క మీద గోధుమ రంగు గీత ఒకటి అడ్డంగా ఉంది. గోటితో గీరితే సన్నటి దుమ్ము రాలింది. తర్వాత సీటు కింద చెయ్యి పెట్టి పట్టాలు తడిమి, వేళ్లకంటిన తుప్పు చూపించాడు. "నీళ్లల్లో మునిగిన బండి సార్, మీ తమ్ముడికి వద్దు" అన్నాడు.

యార్డు వాళ్లను అడిగితే మళ్లీ ఆర్‌సీనే చూపించారు. అది అసలుదే, దొంగ కాగితం కాదు. బండి మునిగిందన్న ఒక్క మాట మాత్రం అందులో లేదు. ఉండే వీలూ లేదు. ఎందుకు లేదో తెలియాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

మన మోటారు వాహనాల చట్టం 1988 నాటిది. అందులో 55వ సెక్షన్ ప్రకారం, బండి ధ్వంసమైనా, శాశ్వతంగా పనికిరాకుండా పోయినా ఓనరు 14 రోజుల్లో, లేదంటే వీలైనంత త్వరగా ఆర్టీఓకు తెలియజేసి ఆర్‌సీ అప్పగించాలి. చూడ్డానికి బాగానే ఉంది. కానీ "శాశ్వతంగా పనికిరాని" అన్న మాట దగ్గరే చిక్కంతా. మునిగిన కారును ఆరబెట్టి, భాగాలు మారిస్తే నడుస్తుంది. నడిచేదాన్ని పనికిరానిదని ఎవరు రాసిస్తారు?

ఇన్సూరెన్స్ వాళ్ల లెక్క వేరు. 2002 మోటార్ టారిఫ్ నిబంధనల ప్రకారం రిపేరు ఖర్చు బండి ఐడీవీలో, అంటే పాలసీలో బండికి కట్టిన విలువలో, 75 శాతం దాటితే అది టోటల్ లాస్. ఉదాహరణకు ఐడీవీ 6 లక్షలు, షోరూం సర్వీస్ సెంటర్ ఇచ్చిన ఎస్టిమేట్ 4 లక్షల 80 వేలు అనుకుందాం. 4 లక్షల 50 వేలు దాటింది కాబట్టి కంపెనీ బాగు చేయించదు. ఓనరుకు 6 లక్షలిచ్చి బండిని తాను తీసుకుని వేలంలో అమ్ముతుంది. లేదంటే ఆ పాడైన బండికి ఒక ధర కట్టి, అది మినహాయించుకుని మిగతా డబ్బిస్తుంది, బండిని ఓనరే అమ్ముకుంటాడు. ఎలా జరిగినా అది లక్షో లక్షన్నరో పెట్టేవాడి చేతికి చేరుతుంది. ఆర్‌సీ రద్దు కాకపోతే అదీ బండితోపాటే వెళ్తుంది. సర్వీస్ సెంటర్లో అన్నీ కొత్త భాగాలు వేస్తారు గనక 4 లక్షల 80 వేలు. బయట షెడ్డులో పాత భాగాలు వేసి, పైపైన కడిగి, పెయింట్ కొడితే అందులో చిన్న వంతుతో అయిపోతుంది. లాభం అక్కడే ఉంది.

చెన్నైలో పుదుపేట, బెంగళూరులో శివాజీనగర్ గుజరీ పాత స్పేర్ పార్టులకు పెట్టింది పేరు. అక్కడ నిజాయితీగా పని చేసుకునేవాళ్లు ఎందరో ఉన్నారు. పాత భాగం అమ్మడం తప్పు కాదు, బండి గతం చెప్పకుండా అమ్మడమే తప్పు.

2015 డిసెంబరు దాకా ఇది యాక్సిడెంట్ బండ్లకు సంబంధించిన గొడవే అనుకునేవాళ్లం. ఆ డిసెంబరు 1న ఒక్క రోజులో తాంబరంలో 49 సెంటీమీటర్ల వాన కురిసింది. చెంబరంబాక్కం చెరువు నుంచి 29 వేల క్యూసెక్కుల దాకా వదిలారు. అడయారు నది పొంగి కొట్టూరుపురం, సైదాపేట, జాఫర్‌ఖాన్‌పేట మునిగాయి. సెల్లార్లలో నిలిపిన కార్లు నిలిపినట్టే నీళ్లలో ఉండిపోయాయి. ఆ నీళ్లలో వాన ఒక్కటే కాదు, డ్రైనేజీ, బురద, ఇసుక అన్నీ ఉన్నాయి. నీళ్లు తగ్గాక తొందరపడి తాళం తిప్పినవాళ్ల ఇంజిన్లు కనెక్టింగ్ రాడ్లు వంగి పాడయ్యాయి. ఆ నష్టం మామూలు పాలసీలో రాదని, ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ విడిగా తీసుకోవాలని చాలామందికి తెలిసింది అప్పుడే. ఆ మరుసటి ఏడాది మా వైపు టీఎన్ నంబరు బండ్లు భలే చవగ్గా వస్తున్నాయని అందరూ చెప్పుకోవడం నాకు గుర్తుంది. ఎందుకు చవకో ఎవరూ అడగలేదు.

మునిగిన కారు వెంటనే ఆగిపోదు, అదే ప్రమాదం. వైర్ల జాయింట్లకు లోలోపల పచ్చగా చిలుము పడుతుంది. ఆరు నెలలకో ఏడాదికో మీటర్ బోర్డులో లైటు వెలుగుతుంది, పవర్ విండో మొరాయిస్తుంది. ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్ తడిసి ఉంటే అది పనిచేయదన్న సంగతి గుద్దుకున్న రోజే బయటపడుతుంది.

అమెరికాలో ఉండి వచ్చిన మనవాళ్లకు శాల్వేజ్ టైటిల్ అన్న మాట తెలుసు. అక్కడ ఇన్సూరెన్స్ కంపెనీ టోటల్ లాస్ అన్నాక బండి యాజమాన్య పత్రం మీదే ఆ ముద్ర పడుతుంది, బాగుచేసినా రీబిల్ట్ అని మిగులుతుంది. ఒక రాష్ట్రంలో పడిన ముద్రను ఇంకో రాష్ట్రంలో చెరిపించుకునే మోసం అక్కడా ఉంది. దాన్ని అడ్డుకోవడానికి 1992 చట్టంతో దేశమంతటికీ ఒకే రికార్డుకు పునాది వేశారు, 2009లో కొనేవాళ్లు కూడా చూసుకునే వీలు కల్పించారు. మన దగ్గర ప్రభుత్వ బండ్ల రిజిస్ట్రేషన్ రికార్డు వాహన్‌లో ఓనరు, ఫైనాన్స్, పాలసీ గడువు కనిపిస్తాయి. టోటల్ లాస్ క్లెయిమ్ మాత్రం కంపెనీ ఫైల్లోనే ఉండిపోతుంది. పైగా సొంత కారుకు మొదటి 15 ఏళ్లు ఫిట్‌నెస్ పరీక్షే ఉండదు. బండి లోపల ఏముందో ప్రభుత్వం తరఫున చూసేవాళ్లు లేరు.

గతం దాచుకుని సెకండ్ హ్యాండ్ మార్కెట్‌కి వచ్చే అద్దె బండ్లది మరో దారి. 1989 రెంట్ ఎ క్యాబ్ స్కీముతో నల్ల బోర్డు మీద పసుపు అక్షరాలు వచ్చాయి. కనీసం 50 కార్లు ఉంటేనే లైసెన్సు కాబట్టి చాలాకాలం అది పెద్ద కంపెనీల వ్యాపారంగానే మిగిలింది. బెంగళూరులో కథ మలుపు తిరిగింది 2013లో. సెల్ఫ్ డ్రైవ్ కంపెనీ జూమ్‌కార్ ఇక్కడే మొదలైంది, ఉబర్ మన దేశంలో మొదట అడుగుపెట్టిందీ ఇక్కడే. అప్పు చేసి ఎల్లో బోర్డు బండి కొన్నవాళ్లలో అనంతపురం, చిత్తూరు జిల్లాల కుర్రాళ్లు చాలామంది ఉన్నారు. 2020 లాక్‌డౌన్‌లో ట్రిప్పులు ఆగిపోయాయి. అప్పు వాయిదాలకు రిజర్వు బ్యాంకు ఇచ్చిన విరామం (మారటోరియం) ఆగస్టుతో ముగిసింది, ఈఎంఐలు ఆగలేదు. పర్మిట్ సరెండర్ చేసి, లైఫ్ ట్యాక్స్ కట్టి, వైట్ బోర్డుకు మార్చి అమ్ముకున్నవాళ్లు నాకు తెలుసు. అది చట్టబద్ధమే, వాళ్లది తప్పని నేను అనను. కానీ దేవనహళ్లి ఎయిర్‌పోర్టుకు రోజూ రెండు ట్రిప్పులు వేసిన కారు రానుపోను కలిపి 150 కిలోమీటర్లు తిరుగుతుంది, ఏడాదికి సుమారు 45 వేలు. మధ్యలో ఎవరో కిలోమీటర్ల మీటర్ వెనక్కి తిప్పేస్తే, కొనేవాడికి 40 వేలు తిరిగిన ఫ్యామిలీ కారులా కనిపిస్తుంది. ట్యాక్సీ వేగాన్ని కట్టడి చేసే స్పీడ్ గవర్నర్ తీసేసిన చోట తెగిన వైరు, అద్దం మీద పర్మిట్ స్టిక్కర్ తాలూకు జిగురు, అరిగి నున్నబడిన పెడల్ రబ్బరు మాత్రం నిజం చెబుతాయి.

2022 సెప్టెంబరులో బెంగళూరు వంతు వచ్చింది. యెమలూరు, బెళ్లందూరు, సర్జాపూర్ రోడ్డు మునిగి, ఐటీ ఉద్యోగులు ట్రాక్టర్లెక్కి ఆఫీసులకు వెళ్లారు. ఖరీదైన కార్లు పైకప్పులదాకా నీళ్లలో ఉన్న ఫొటోలు అందరం చూశాం. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటేలోపు చెన్నైలో వేళచ్చేరి, ముడిచ్చూరు మళ్లీ మునిగాయి.

ఈ రెండింటి మధ్య కేంద్రం ఒక మంచి పని చేసింది. 2023 ఏప్రిల్ 1 నుంచి సెకండ్ హ్యాండ్ డీలర్లు ఆర్టీఓ దగ్గర ఆథరైజేషన్ తీసుకోవాలి, తమ చేతిలో ఉన్న బండి ఎక్కడెక్కడ తిరిగిందో రాసిపెట్టాలి. అమ్మినవాడి మెడకు పాత బండి కేసులు చుట్టుకోకుండా ఇది అవసరమే. ఆర్‌సీలో పేరు ఎవరిదైతే బాధ్యత వారిదేనని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది కదా. అయితే ఈ నిబంధనలు డీలరు దగ్గరికి వచ్చాక బండి ఏం చేసిందో చూస్తాయి, రాకముందు దానికేమైందో అడగవు.

ఆ గతం దొరికే చోటు ఒకటుందని మెకానిక్ చెప్పాడు: పాత ఇన్సూరెన్స్ పాలసీ. క్లెయిమ్ లేకుండా ఏటా గడిస్తే నో క్లెయిమ్ బోనస్ 20 శాతంతో మొదలై 50 దాకా పెరుగుతుంది. ఒక్కరే ఓనరున్న నాలుగేళ్ల బండికి అది సున్నా ఉంటే, అంతకుముందు ఏడాది క్లెయిమ్ జరిగిందేమోనని గట్టిగా అడగాలి. మేం కారు పాత పాలసీ కాపీ అడిగాం. రేపు వాట్సాప్‌లో పంపిస్తామన్నారు, పంపలేదు. తమ్ముడు బస్సెక్కి మదనపల్లె వెళ్లిపోయాడు. రెండు వారాల తర్వాత అటుగా వెళ్తూ చూశాను. ఆ తెల్ల కారు యార్డులో లేదు.