ఆర్గాన్‌ని ఏం చేస్తారు తాతయ్యా?

పిల్లలూ,

పాత చర్చి గోడలు బీటలు వారాయి, మూసేస్తారట, మరి లోపలున్న గొట్టాల ఆర్గాన్‌ని, అంటే గాలితో మోగే ఆ పెద్ద వాద్యాన్ని, ఏం చేస్తారని అడిగారు. మంచి ప్రశ్న. పెద్దవాళ్ళు చాలామంది చర్చి మరమ్మతు ఖర్చు దగ్గరే ఆగిపోతారు.

దాన్ని ఒక ఉమ్మడి కుటుంబం అనుకోండి. గొట్టాలే మనుషులు, ఒక్క ఇంట్లో వందల మంది. పెద్దాయన పదహారడుగుల పొడుగు, గొంతు బొంగురు. చంటిది పెన్సిలంత కూడా ఉండదు, సన్నగా కీచుమంటుంది. ఒక్కొక్కరికి ఒక్కటే స్వరం, రెండోది రాదు. ఊపిరి మాత్రం అందరిదీ ఒక్కటే. తిత్తిలోంచి గాలిపెట్టెలోకి, అక్కణ్ణించి గొట్టంలోకి. వాయించేవాళ్ళు మెట్టు నొక్కితే మూత తెరుచుకుని, పిలిచినవాళ్ళే పలుకుతారు.

ఈ ఇంట్లో ముందుగా మంచాన పడేది ఊపిరి మోసే తిత్తి తోలు. కొన్ని దశాబ్దాలకు అది ఎండి పగులుతుంది. కప్పు కారితే చెక్క ఉబ్బుతుంది. మూత సరిగ్గా పడక, ఎవరూ పిలవకుండానే ఒక గొంతు మూలుగుతూనే ఉంటుంది. అది విని ఆర్గాన్ పని అయిపోయిందంటారు. ఎంత అన్యాయం! తోలు మార్చి, మూత సరిచేస్తే లేచి కూర్చుంటుంది.

నా చిన్నతనంలో ఒక ముసలి ఆర్గాన్‌కి కరెంటు లేదు. దాని వెనకున్న పిడిని పైకీ కిందికీ ఆడించి తిత్తి నింపే పని నాది. తాడుకు కట్టిన చిన్న సీసపు గుండు గాలి ఎంతుందో చూపించేది. నా చూపంతా దానిమీదే. వాయించే ఆయన నాకు కనపడేవాడు కాదు, నేను ఆయనకీ కనపడను. అయినా నా చేతులు ఆగితే పాట ఆగిపోతుంది. కనపడని పనిని శ్రద్ధగా చెయ్యడం నాకు అక్కడే అలవాటైంది. మీకూ అలవడాలి.

ఇల్లు పోతే కుటుంబమేమవుతుంది? కొన్నిచోట్ల గొట్టాల్లోని తగరం, సీసం కరిగించి అమ్ముకుంటారు. నాకది సహించదు. కొన్ని కుటుంబాలు వలస పోతాయి. అమెరికాలో ఇలాంటివాటికి కొత్త ఇళ్ళు వెతకడానికే 1961లో ఆర్గాన్ క్లియరింగ్ హౌస్ అనే సంస్థ మొదలైంది. కొత్త చోట గది తీరు వేరు, అందుకని ఒక్కో గొంతునీ మళ్ళీ సరిచెయ్యాలి.

ఫిలిప్పీన్స్‌లోని లాస్ పిన్యాస్ చర్చిలో 1824లో పూర్తయిన ఆర్గాన్ ఉంది. దాని 1,031 గొట్టాల్లో 902 వెదురువి! భూకంపాలూ తుపానులూ పాడుచేస్తే 1973లో జర్మనీకి పంపించారు. బాగుపడి 1975లో ఇంటికొచ్చింది. ఈలోగా చర్చినీ బాగుచేసుకున్నారు. పారిస్‌లోని నోత్రదామ్ చర్చి 2019లో తగలబడ్డప్పుడు, దాదాపు 8,000 గొట్టాల పెద్ద ఆర్గాన్ కాలలేదు, సీసపు ధూళి మాత్రం కమ్మేసింది. విప్పి, శుభ్రంచేసి, మళ్ళీ బిగించారు. 2024 డిసెంబరులో అది గొంతెత్తింది.

గొట్టం పెదవి, అంటే దాని నోటి అంచు, దగ్గర సన్నగా చీలిన గాలి అంత పెద్ద గదిని ఎలా నింపుతుందో నేను రాసి చెప్పలేను. మీరే వెళ్ళండి. వాయించేవారిని అడిగి అన్నిటికన్నా కింది స్వరం మోగించమనండి, అరచెయ్యి బెంచీ మీద ఆనించి అదురు చూడండి. లోహపు గొట్టాలను ముట్టుకోకండి, చేతి చెమట వాటికి పడదు. ఒక్కోదాని మీద దాని స్వరం అక్షరం గీసి ఉంటుంది. మీకు కనపడినవి రాసి పంపండి.

మీ తాతయ్య