బారిటన్ ట్రయోలు: అపోహలు, అసలు సంగతులు

18వ శతాబ్దపు ఆస్ట్రియా స్వరకర్త హైడన్ రాసిన బారిటన్ ట్రయోల్లో, అంటే ముగ్గురు కలిసి వాయించే రచనల్లో, నేను వయోలా (వయొలిన్ కన్నా కాస్త పెద్ద వాద్యం) వాయిస్తాను. బారిటన్, వయోలా, చెల్లో: ఉండేది ముగ్గురమే. కచేరీ అయ్యాక జనం వేదిక దగ్గరికొచ్చి బారిటన్‌ని వంగి చూస్తారు. నన్ను అడిగే ప్రశ్నల్లో కొన్ని అపోహలు మళ్లీ మళ్లీ వినిపిస్తుంటాయి.

అపోహ: బారిటన్ అంటే మగ గొంతు కదా?

అది బారిటోన్. ఇది మోకాళ్ల మధ్య నిలబెట్టి కమానుతో వాయించే తంత్రీవాద్యం. మెట్లుండే బాస్ వయోల్ అనే పాతకాలపు కమాను వాద్యానికి దగ్గరి చుట్టం.

అపోహ: వెనక ఉన్న లోహపు తీగలు సితార్‌లో తరఫ్ తీగల్లా వాటంతటవి మోగడానికే.

సగమే నిజం. ముందువైపు పేగుతో చేసిన ఆరో ఏడో తీగలుంటాయి. వాటిమీద కమాను లాగితే మెడ వెనకగా వెళ్లే లోహపు తీగలు తోడు పలుకుతాయి. ఇంతవరకూ సితార్ పోలికే. కానీ బారిటన్ మెడ వెనకవైపు తెరిచి ఉంటుంది. ఎడమచేతి వేళ్లు ముందు తీగల మీద స్వరం పట్టి ఉండగానే అదే చేతి బొటనవేలు వెనక తీగని మీటుతుంది. మన వీణలో కుడి చిటికెనవేలు తాళం తీగలు మీటడం గుర్తు తెచ్చుకోండి. ఇక్కడ బొటనవేలు తాళం వేయదు, కింది స్వరాలు వరసగా పలికిస్తుంది. ఏ తీగ మీటాలో ఆ స్వరాల దగ్గర అంకెలు వేసి ఉంటాయి. అన్ని ట్రయోల్లోనూ ఈ మీటు రాదు. వచ్చిన చోట మాత్రం నేనూ చెల్లో కళాకారుడూ కమాను బాగా తేలిక చేస్తాం, లేకపోతే ఆ చిన్న గంటలాంటి నాదం మునిగిపోతుంది.

అపోహ: ప్రభువు సరదా కోసం హైడన్ విధిలేక రాసి పడేసినవి.

ఈ మాట వింటే నాకు నిజంగా బాధేస్తుంది. ప్రభువు సరదా అన్నది నిజమే. హైడన్ పనిచేసిన కొలువుకి ప్రభువైన నికోలస్ ఎస్టర్‌హాజీ స్వయంగా బారిటన్ వాయించేవాడు. తను వాయించుకునే రచనలు ఇంకా రాయమని 1765లో హైడన్‌ని మందలించాడు కూడా. 1766 జనవరి 4 నాటికి మూడు రచనలు చూసి మెచ్చి, 12 డకెట్లు (బంగారు నాణేలు) ఇప్పించి, వెంటనే మరో ఆరు కావాలన్నాడు. సుమారు పదేళ్లలో ట్రయోలు 126 అయ్యాయి.

అన్నీ ఒకే స్కేల్లో ఉన్నట్టున్నాయని విసుక్కుంటారు. ఎక్కువ భాగం డి, ఎ, జి మేజర్ అనే మూడు స్కేళ్లలోనే ఉన్న మాట నిజం. వెనక తీగలు డి మేజర్ వరసకి శ్రుతి చేసి ఉంటాయి మరి, స్కేలు దూరమైతే అవి పలకవు. ఇంకో చిక్కు: మూడు వాద్యాలూ మధ్య, కింది స్థాయిలవే, పైన వయొలిన్ లేదు. ఒకదాన్నొకటి తొక్కేసుకోవడం ఎంత తేలికో! హైడన్ వాటిని ఒకదాని పక్కనుంచి ఒకటి జరుపుతాడు, మధ్యలో మౌనాలు పెడతాడు. నెమ్మదైన మొదటి భాగం వాయిస్తుంటే మూడు దీపాల వెలుగులో కూర్చున్నట్టుంటుంది నాకు.

అపోహ: బారిటన్ దొరక్కపోతే వయొలిన్ పెట్టుకోవచ్చు, తేడా రాదు.

పెట్టుకోవచ్చు, చాలామంది పెట్టుకుంటారు. తేడా మాత్రం చాలా వస్తుంది. బారిటన్ భాగాన్ని ట్రెబుల్ క్లెఫ్‌లో, అంటే పై స్వరాలకు వాడే గుర్తుతో రాస్తారు, మోగేది ఒక స్థాయి కింద. కాగితం మీద నాకన్నా పైన కనిపించే బారిటన్ చాలాచోట్ల నా వయోలా కింద పలుకుతుంది. వయొలిన్ దాన్ని ఉన్నదున్నట్టు వాయిస్తే అల్లిక మొత్తం తలకిందులవుతుంది. మొదట్లో నేనూ అలాగే వయొలిన్‌తో వాయించాను. బారిటన్ పక్కన మొదటిసారి కూర్చున్నరోజు నా భాగాన్ని మళ్లీ మొదట్నుంచి నేర్చుకోవలసి వచ్చింది.

అపోహ: వాద్యం బాగాలేకే మాయమైంది.

1770ల మధ్యకి వచ్చేసరికి ప్రభువు మనసు ఒపెరా మీదికి మళ్లింది, అడిగేవాళ్లు లేక ట్రయోలు ఆగాయి. తయారుచేయడం, శ్రుతి నిలపడం ఎప్పుడూ కష్టమే కాబట్టి వాయించేవాళ్లు మొదట్నుంచీ కొద్దిమందే. ఆయన కోసం 1750లో స్టాడ్‌ల్‌మన్ వియన్నాలో చేసిన బారిటన్ ఇప్పటికీ బుడాపెస్ట్‌లో, హంగరీ జాతీయ మ్యూజియంలో ఉంది. 20వ శతాబ్దంలో మళ్లీ కళాకారులు పుట్టారు, ఇవాళ 126 ట్రయోలకూ రికార్డింగులున్నాయి.

కచేరీకి వస్తే ముందు వరసలో కూర్చోండి, బారిటన్ గొంతు చిన్నది. పది నిమిషాలు ముందే వస్తే వెనక తీగల్ని ఒక్కొక్కటిగా శ్రుతి చేయడం కూడా వినొచ్చు.